ఫోన్ ఫార్మాట్ అయ్యాక బ్రౌజర్ తాళాలు మళ్లీ వేసుకుందాం

(వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

రూవీ, హమ్రియా, వాదీ కబీర్, గాలా నుంచి వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు, బర్కా, సోహార్ నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చినవాళ్లకు, ఇళ్లలో పనిచేస్తూ ఈ శుక్రవారం సెలవు అడిగి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు అందరికీ వేదిక తరఫున దండాలు.

ఈ సభలో మనం ఎప్పుడూ జీతం బకాయిల గురించి, వీసా గురించి, బతాకా గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఫోన్ గురించి, అందులోనూ ఒక చిన్న సంగతి గురించి మాట్లాడాలనుకున్నాం. ఫోన్ ఫార్మాట్ అయినప్పుడు, లేదా బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ వేసుకున్నప్పుడు, మనం అంతకుముందు పెట్టుకున్న గోప్యత సెట్టింగులు ఏమవుతాయి? వాటిని మళ్లీ ఎట్లా పెట్టుకోవాలి? ఇదే విషయం.

ఇదేదో కంప్యూటర్ చదివినవాళ్ల గొడవ, మనకెందుకు అని అనుకోవద్దు. మన జీతం మెసేజ్ ఫోన్‌లోనే వస్తుంది. ఇంటికి డబ్బు పంపేది ఫోన్‌లోనే. పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాపీ, బతాకా ఫోటో అన్నీ ఫోన్‌లోనే. ఊళ్లో ఇంటికి తలుపు ఉన్నట్టు, ఇంటర్నెట్‌కు బ్రౌజర్ తలుపు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, సామ్‌సంగ్ ఇంటర్నెట్, ఇవన్నీ బ్రౌజర్లే. తలుపు మార్చినప్పుడు పాత తాళం, పాత గడియ దానితోపాటే పోతాయి. కొత్త తలుపుకు గడియ పెట్టుకోకుండా పడుకుంటే ఎట్లా ఉంటుందో, ఇదీ అట్లాగే.

మనకు ఇది ఎప్పుడు జరుగుతుంది?

ఫోన్ నిండిపోయి స్లో అవుతుంది. స్క్రీన్ మీద ఊరికే ప్రకటనలు దూకుతుంటాయి. మొబైల్ షాపుకు తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టాలి భాయ్" అంటాడు. లేదంటే సెలవు మీద ఊరికి పోయే ముందు కొత్త ఫోన్ కొని, పాతది తమ్ముడికి ఇస్తాం. లేదంటే రూమ్‌లో ఎవరో ఒకరు "క్రోమ్ డేటా క్లియర్ చెయ్, బాగైతది" అని సలహా ఇస్తారు. ఈ మూడింటిలోనూ బ్రౌజర్ మొదటి రోజున ఉన్నట్టు అయిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఈ ప్రసంగం అంతా గుర్తున్నట్టే. మనం "వద్దు" అని చెప్పినవి ఎక్కువగా మన ఫోన్‌లోనే ఉంటాయి. మన గురించి వాళ్లు రాసుకున్నవి వాళ్ల దగ్గర ఉంటాయి. ఫార్మాట్ చేస్తే మన "వద్దు"లు చెరిగిపోతాయి. వాళ్ల రాతలు చెరగవు.

ఎట్లాగంటే, మీరు ఒక సైట్‌కు "నా లొకేషన్ చూడొద్దు" అని చెప్పారు. ఇంకో సైట్‌కు "నోటిఫికేషన్లు పంపొద్దు" అన్నారు. ఈ జవాబులు బ్రౌజర్ తన దగ్గర, మీ ఫోన్‌లో దాచుకుంటుంది. బ్రౌజర్ డేటా పోతే జవాబులూ పోతాయి. ప్రతి సైటూ మళ్లీ మొదటినుంచి అడుగుతుంది. ఫార్మాట్ అయిన రోజు మనం తొందరలో ఉంటాం. వాట్సాప్ రావాలి, ఇంటికి ఫోన్ చేయాలి, డబ్బు పంపాలి. ఆ తొందరలో అడిగినదానికల్లా "అలౌ, అలౌ" అని నొక్కుకుంటూ పోతాం. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది.

కుకీ అంటే ఏమిటి?

ఈ మాట చాలామంది విన్నారు. కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో పెట్టే చిన్న చీటీ. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసిన లూ మాంటులీ అనే ఇంజనీరు దీన్ని తయారుచేశాడు. సైట్‌కు మనల్ని గుర్తుపట్టే దారి అంతకుముందు లేదు. దుకాణంలో సంచిలో సరుకు వేసి పక్కకు తిరిగేసరికి సంచి ఖాళీ అయినట్టు ఉండేది. చీటీ పెట్టాక, "ఈయన ఇందాక వచ్చినాయనే" అని తెలుస్తుంది. మనం ఒకసారి లాగిన్ అయితే మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడగకపోవడానికి కారణం ఇదే. ఇది మంచి చీటీ.

ఇంకో రకం ఉంది. మీరు వార్తల సైట్ చూస్తుంటే, ఆ పేజీలో ప్రకటన వేసిన ఇంకో కంపెనీ కూడా తన చీటీ పెడుతుంది. మీరు ఉద్యోగాల సైట్‌కు పోతే అక్కడా ఆ కంపెనీ ప్రకటనే ఉంటుంది. "వార్తలు చదివినాయనే ఇప్పుడు ఉద్యోగం వెతుకుతున్నాడు" అని రాసుకుంటుంది. దీన్ని థర్డ్ పార్టీ కుకీ అంటారు. మనం వెళ్లిన సైటు కాదు, మనం కాదు, మూడోవాడు. గోప్యత సెట్టింగుల్లో మొదట మూయాల్సిన కిటికీ ఇది.

బ్రౌజర్లన్నీ ఈ విషయంలో ఒకేలా ఉండవు. ఐఫోన్‌లో ఉండే సఫారీ 2020 మార్చి నుంచి థర్డ్ పార్టీ కుకీలను తనంతట తానే ఆపుతోంది. ఫైర్‌ఫాక్స్ కూడా ఒక సైట్ చీటీ ఇంకో సైట్‌కు కనపడకుండా విడివిడి డబ్బాల్లో పెడుతుంది. కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లో 2022 జూన్ నుంచి ఇది అందరికీ వచ్చింది. మనలో ఎక్కువమంది వాడే క్రోమ్ మాత్రం మామూలుగా వాటిని రానిస్తుంది, ఇన్‌కాగ్నిటో కిటికీలోనే ఆపుతుంది. వీటిని మొత్తానికే తీసేస్తామని గూగుల్ కొన్నేళ్లు చెప్పి, 2024 జులైలో ఆ ఆలోచన మార్చుకుంది. అంటే క్రోమ్ కొత్తగా వేసుకున్న ప్రతిసారీ ఈ కిటికీ తెరిచే ఉంటుంది. మూసుకోవాల్సింది మనమే.

రెండు అపోహలు

మొదటిది: "ఫార్మాట్ చేస్తే నా గురించి అంతా పోయినట్టే." పోదు. మీ గూగుల్ ఖాతాలోకి మళ్లీ లాగిన్ కాగానే, మీరు వెతికినవి, చూసిన వీడియోలు ఖాతాలో అట్లాగే ఉంటాయి. ఫోన్ ఖాళీ అయింది కానీ ఖాతా ఖాళీ కాలేదు. దాన్ని తుడవాలంటే ఖాతాలో "మై యాక్టివిటీ" అనే చోటికి పోవాలి. అక్కడ ఆటో డిలీట్ ఉంటుంది. 3 నెలలు, 18 నెలలు, 36 నెలలు అని మూడు ఎంపికలు ఇస్తారు. 3 నెలలు పెట్టుకోండి. ఒక్కసారి పెడితే చాలు. ఇది ఖాతాలో ఉండే సెట్టింగ్ కాబట్టి ఫోన్ మార్చినా పోదు.

రెండోది: "గూగుల్ లాగిన్ అయితే నా సెట్టింగులన్నీ తిరిగి వస్తాయి." అన్నీ రావు. సింక్ పెట్టుకుని ఉంటే బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు, హిస్టరీ వస్తాయి. ఏ సైట్‌కు ఏది వద్దన్నామో ఆ జవాబులన్నీ ఫోన్‌లోకి తిరిగి వస్తాయని నమ్మడానికి లేదు. చూసుకుని పెట్టుకోవాలి.

కంప్యూటర్‌లో కథ తిరగబడుతుంది. ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తీసేసేటప్పుడు "బ్రౌజింగ్ డేటా కూడా తీసేయాలా" అని ఒక గడి చూపిస్తుంది. అందులో టిక్ పెట్టకపోతే పాత డేటా డిస్క్‌లోనే ఉంటుంది. మళ్లీ వేస్తే పాత సెట్టింగులు, పాత లాగిన్లు అట్లాగే లేచి వస్తాయి. ఫైర్‌ఫాక్స్ కూడా మన వివరాలను వేరే ఫోల్డర్‌లో పెడుతుంది కాబట్టి ప్రోగ్రామ్ తీసి మళ్లీ వేసినంత మాత్రాన అవి పోవు. రూమ్‌లో నలుగురు వాడే ల్యాప్‌టాప్ ఉంటే, "తీసేసి మళ్లీ వేశాం, ఇక భయం లేదు" అనుకోవడం పొరపాటు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. కంప్యూటర్ క్రోమ్‌లో ఏదైనా చెడ్డ ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఉంటే, సింక్ వల్ల కొత్త క్రోమ్‌లోకి అదీ తిరిగి వస్తుంది. ఇల్లు కడిగి, చీడ ఉన్న పాత మంచాన్నే లోపలికి తెచ్చుకున్నట్టు. కాబట్టి మళ్లీ లాగిన్ కాగానే ఎక్స్‌టెన్షన్ల జాబితా చూసి, మనం వేయనివి, మనకు తెలియనివి తీసేయాలి.

ఫార్మాట్ కొట్టకముందే చేయాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇది. తొందరలో ఫార్మాట్ చేస్తే గోప్యత పోవడమే కాదు, సాక్ష్యం కూడా పోతుంది. ఏజెంట్ వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు, "ఇంత జీతం ఇస్తాం" అని రాసిన మాటలు, డబ్బు కట్టిన రసీదుల ఫోటోలు, ఓవర్‌టైమ్ గంటలు రాసుకున్న నోట్స్, కాంట్రాక్టు కాపీ... రేపు లేబర్ దగ్గరికో, ఎంబసీకో పోవాల్సి వస్తే మన చేతిలో ఉండే బలం ఇవే. ఫార్మాట్‌కు ముందు వాట్సాప్ బ్యాకప్ తీసుకోండి. ముఖ్యమైన మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లోవాళ్లకు, ఇంకో నమ్మకమైన మనిషికి పంపండి. ఆ తర్వాతే ఫోన్ షాపువాడి చేతికి ఇవ్వండి.

ఇక రెండో పని, మీ గూగుల్ ఖాతా ఎవరిదో చూసుకోండి. మనలో చాలామందికి ఖాతా తెరిచింది షాపువాడో, ఏజెంటో, మేనల్లుడో. పాస్‌వర్డ్ వాళ్లకే తెలుసు. మీ ఫోటోలు, కాంటాక్టులు, దాచిన పాస్‌వర్డులు ఆ ఖాతాలోకే పోతున్నాయి. తాళం మనది, తాళంచెవి ఊరోళ్లది అన్నట్టు. పైగా ఫార్మాట్ అయ్యాక ఆండ్రాయిడ్ ఫోన్ పాత ఖాతా పాస్‌వర్డ్ అడగవచ్చు. దొంగల చేతిలో ఫోన్ పనికిరాకుండా ఉండాలని పెట్టిన రక్షణ అది. పాస్‌వర్డ్ తెలియకపోతే సొంత ఫోన్ మనకే తెరుచుకోదు. కాబట్టి ముందే ఖాతాలో సెక్యూరిటీ భాగం తెరిచి, పాస్‌వర్డ్ మార్చుకోండి. రికవరీ ఫోన్ నంబర్ మీదేనా కాదా చూడండి. "యువర్ డివైసెస్" దగ్గర మీకు తెలియని ఫోన్ కనపడితే సైన్ అవుట్ నొక్కండి.

ఆ రికవరీ నంబర్ ఏది పెట్టాలన్నది కూడా ఆలోచించాలి. చాలామంది ఇండియా నంబర్ పెట్టి, రీఛార్జి చేయక వదిలేస్తారు. సిమ్ ఆగిపోతే ఓటీపీ రాదు. తర్వాత ఆ నంబర్ ఇంకొకరికి పోతే ఓటీపీ వాళ్లకు పోతుంది. ఇక్కడ రోజూ వాడే నంబర్ కూడా పెట్టుకోండి. బ్యాంకు సంగతికి వస్తే, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలున్నవాళ్లు విదేశీ నంబర్లతో యూపీఐ వాడుకోవచ్చని 2023 జనవరిలో ఎన్‌పీసీఐ అనుమతి ఇచ్చింది. అప్పుడు చెప్పిన పది దేశాల్లో ఒమన్ ఉంది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో సెలవులో ఊరికి పోయినప్పుడు అడగండి.

మూడో పని, పాస్‌వర్డులు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఫోన్‌లో మాత్రమే ఉంటే ఫార్మాట్‌తో పోతాయి. సొంత ఖాతాలో సింక్ అయి ఉంటే తిరిగి వస్తాయి. ఏది ఎక్కడుందో ముందే చూసుకోండి. బ్యాంకు పిన్ మాత్రం ఎక్కడా దాచొద్దు, తలలోనే ఉంచుకోండి.

మళ్లీ వేసుకున్నాక వరుసగా చేయాల్సినవి

ఏ పాస్‌వర్డూ కొట్టకముందు ఈ పని చేయండి. పది నిమిషాలు చాలు. పేర్లు క్రోమ్‌లో ఉండేవి చెబుతున్నాం. ఫోన్‌ను బట్టి, వెర్షన్‌ను బట్టి పేరు కొంచెం అటూ ఇటూ ఉండవచ్చు. ఫోన్‌లో అరబ్బీ భాష పెట్టి ఉంటే ముందు భాష మార్చుకోండి. ఆండ్రాయిడ్‌లో తెలుగు ఉంది. చదవలేని భాషలో సెట్టింగులు ముట్టుకోవద్దు.

ఒకటి. బ్రౌజర్‌ను ప్లే స్టోర్ నుంచో, ఐఫోన్ అయితే యాప్ స్టోర్ నుంచో మాత్రమే తీసుకోండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైల్ నుంచి వేసుకోవద్దు. షాపువాడు తన ఖాతాతో లాగిన్ చేసి ఇస్తే దాన్ని తీసేసి మీ ఖాతా పెట్టుకోండి.

రెండు. కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో "ప్రైవసీ అండ్ సెక్యూరిటీ" తెరవండి. ఈ పేజీలోనే మన తాళాలన్నీ ఉంటాయి. అందులో "థర్డ్ పార్టీ కుకీస్" దగ్గర బ్లాక్ పెట్టండి. ఏదైనా సైట్ సరిగా తెరుచుకోకపోతే ఆ ఒక్క సైట్‌కే అనుమతి ఇవ్వచ్చు. అందరికీ తలుపు తీయాల్సిన పని లేదు.

మూడు. "సేఫ్ బ్రౌజింగ్" ఆన్‌లో ఉందా చూడండి. మోసం సైట్‌ను తెరిస్తే ఎర్ర పేజీ చూపించి ఆపేది ఇదే. "నో ప్రొటెక్షన్" అని ఉంటే వెంటనే మార్చండి.

నాలుగు. "ఆల్వేస్ యూజ్ సెక్యూర్ కనెక్షన్స్" ఆన్ చేయండి. షాపింగ్ మాల్ వైఫై, క్యాంపు వైఫై వాడేటప్పుడు మధ్యలో ఇంకొకడు మనం రాసేది చదవకుండా ఇది కాపాడుతుంది. రక్షణ లేని సైట్ వస్తే ముందే హెచ్చరిస్తుంది.

ఐదు. "సైట్ సెట్టింగ్స్" తెరిచి లొకేషన్, కెమెరా, మైక్రోఫోన్ మూడూ "ముందు అడగాలి" అన్నట్టు ఉన్నాయా చూడండి. "పాప్ అప్స్ అండ్ రీడైరెక్ట్స్" బ్లాక్‌లో ఉండాలి.

ఆరు. అక్కడే "నోటిఫికేషన్స్" ఉంటుంది. దీన్ని పూర్తిగా ఆపేయండి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఏదో సినిమా సైట్ తెరిచారు. "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని వస్తుంది. నొక్కితే రోబో సంగతి ఏమీ తేలదు, మీ ఫోన్‌కు ఎప్పుడంటే అప్పుడు మెసేజ్‌లు పంపే అనుమతి వాడికి దొరుకుతుంది. ఆ తర్వాత రాత్రి, పగలు "మీ ఫోన్‌లో 5 వైరస్‌లు", "మీ పార్సెల్ ఆగింది", "లక్కీ డ్రా గెలిచారు" అని వస్తూనే ఉంటాయి. చాలామంది వైరస్ వచ్చిందనుకుని రెండు, మూడు రియాళ్లు ఇచ్చి మళ్లీ ఫార్మాట్ కొట్టిస్తారు. ఫార్మాట్ అయ్యాక మళ్లీ అదే సినిమా సైట్, మళ్లీ అలౌ. చక్రం తిరుగుతూనే ఉంటుంది. నోటిఫికేషన్స్ ఆపితే చాలు, చాలాసార్లు ఆ "వైరస్" అక్కడికక్కడే పోతుంది. షాపుకు పోయేముందు ఇది ఒక్కసారి చేసి చూడండి.

ఏడు. "సెర్చ్ ఇంజిన్" ఏది ఉందో చూడండి. మీకు తెలియని పేరు ఉంటే మార్చండి. వెతికే చోటే వాడి చేతిలో ఉంటే వాడు చూపించిందే మనం చూస్తాం.

ఐఫోన్‌వాళ్లు సెట్టింగ్స్‌లో సఫారీ తెరిచి "ప్రివెంట్ క్రాస్ సైట్ ట్రాకింగ్", "ఫ్రాడ్యులెంట్ వెబ్‌సైట్ వార్నింగ్" రెండూ ఆన్‌లో ఉన్నాయా చూడండి. ఫైర్‌ఫాక్స్‌వాళ్లు "ఎన్‌హాన్స్‌డ్ ట్రాకింగ్ ప్రొటెక్షన్" దగ్గర "స్ట్రిక్ట్" పెట్టుకోవచ్చు.

అడ్రస్ చదవడం నేర్చుకుందాం

సెట్టింగులు ఎన్ని పెట్టినా, మనమే పోయి దొంగ సైట్‌లో పాస్‌పోర్ట్ నంబర్ రాస్తే ఏ బ్రౌజరూ కాపాడలేదు. బ్రౌజర్ కొత్తగా వేసుకున్న రోజు ఈ ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే అంతకుముందు దాచుకున్న బుక్‌మార్కులు ఉండవు. "పాస్‌పోర్ట్ రెన్యువల్" అని వెతికి, పైన వచ్చింది నొక్కుతాం. పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటన.

పాస్‌పోర్ట్ పేరుతో నకిలీ సైట్లు ఉన్నాయని మన విదేశాంగ శాఖే హెచ్చరించింది. చూడటానికి అసలుదానిలాగే ఉంటాయి. అప్లికేషన్ నింపించుకుని, అపాయింట్‌మెంట్ పేరుతో డబ్బు వసూలు చేస్తాయి. వాటి పేర్లలోనూ పాస్‌పోర్ట్, ఇండియా, సేవ అనే మాటలే ఉంటాయి. తేడా చివర్లో ఉంటుంది. అసలు సైట్ "పాస్‌పోర్ట్ ఇండియా డాట్ జీవోవీ డాట్ ఇన్". మస్కట్‌లోని మన ఎంబసీ సైట్, ఈ మైగ్రేట్ సైట్ కూడా "జీవోవీ డాట్ ఇన్" తోనే ముగుస్తాయి. ఒమన్ ప్రభుత్వానివైతే, రాయల్ ఒమన్ పోలీస్ అయినా, కార్మిక శాఖ అయినా, చివర "జీవోవీ డాట్ ఓఎం" ఉంటుంది. అడ్రస్‌లో మొదటి అడ్డగీత వచ్చేలోపు చివర ఏముందో చదవండి. మనిషి ఇంటి పేరు చూసినట్టు చూడండి. ఈ ఐదు సైట్లను ఒకసారి సరిగ్గా తెరిచి బుక్‌మార్క్ చేసుకుంటే మళ్లీ వెతకాల్సిన పని ఉండదు.

తాళం గుర్తు ఉంటే మంచి సైట్ అనే మాట నమ్మొద్దు. దారి భద్రంగా ఉందనే తప్ప, అవతలివాడు మంచివాడని ఆ గుర్తు ఎప్పుడూ చెప్పలేదు. జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మ తీసేసి వేరే గుర్తు పెట్టింది.

పక్కవాళ్ల కళ్ల నుంచి గుట్టు

గోప్యత అంటే పెద్ద కంపెనీల నుంచే కాదు, పక్కన ఉన్నవాళ్ల నుంచి కూడా. ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ఇది బాగా తెలుసు. ఫోన్ అర్బాబ్ ఇంట్లోవాళ్ల చేతికి పోవచ్చు. ఏజెంట్ అడిగి తీసుకోవచ్చు. "ఎంబసీ షెల్టర్", "జీతం ఇవ్వకపోతే ఎవరికి చెప్పాలి" అని వెతికిన సంగతి హిస్టరీలో కనపడితే ఇబ్బంది రావచ్చు. అట్లాంటివి ఇన్‌కాగ్నిటో కిటికీలో వెతకండి. చూసి మూసేస్తే ఆ ఫోన్‌లో హిస్టరీ మిగలదు. బ్రౌజర్ కొత్తగా వేసుకున్నాక "లాక్ ఇన్‌కాగ్నిటో ట్యాబ్స్" అనే సెట్టింగ్ మళ్లీ ఆన్ చేసుకోండి. అప్పుడు వేలిముద్రో, పిన్నో లేకుండా ఆ కిటికీ తెరుచుకోదు.

అయితే ఇన్‌కాగ్నిటో మాయ టోపీ కాదు. ఫోన్‌లో జాడ ఉండదు, అంతే. మనం వెళ్లిన సైట్‌కు, వైఫై నడిపేవాళ్లకు మనం వచ్చిన సంగతి తెలుస్తుంది. అమెరికాలో 2020లో దీని మీదే గూగుల్ మీద కేసు పడింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా మా వివరాలు సేకరించారని జనం కోర్టుకు పోయారు. 2024లో రాజీ కుదిరి, అట్లా పోగుచేసిన కోట్ల కొద్దీ రికార్డులను తుడిచేస్తామని గూగుల్ ఒప్పుకుంది.

కంపెనీ ఇచ్చిన ఫోన్, సైట్ ఆఫీసు కంప్యూటర్ అయితే మనం ఏ సెట్టింగ్ పెట్టినా యజమాని చూసే వీలుంటుంది. సొంత బ్యాంకు పని, ఫిర్యాదు పని వాటిలో చేయకండి. తప్పనిసరై చేస్తే పని అయ్యాక లాగ్ అవుట్ అవ్వండి. "పాస్‌వర్డ్ సేవ్ చేయాలా" అంటే నెవర్ నొక్కండి.

ఒక హెచ్చరిక. ఇంటికి వీడియో కాల్ కోసం ఉచిత వీపీఎన్ వేసుకోమని సలహాలు వస్తుంటాయి. గోప్యత పేరుతోనే అమ్ముతారు. కానీ వీపీఎన్ వేసుకుంటే మన రాకపోకలన్నీ ఆ వీపీఎన్ వాడి దారిలో పోతాయి. ఊరూపేరూ లేనివాడు ఉచితంగా దారి ఎందుకిస్తున్నాడో ఆలోచించండి. పైగా ఒమన్‌లో అనుమతి లేని వీపీఎన్ విషయంలో నిబంధనలు ఉన్నాయి. పరాయి దేశంలో ఉన్నాం, అనవసరమైన చిక్కు తెచ్చుకోవద్దు. ఇక్కడ అనుమతి ఉన్న కాలింగ్ యాప్‌లే వాడుకుందాం.

చట్టం మన వైపు ఎంతవరకు ఉంది?

ఒమన్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. 2022లో 6/2022 నంబరు రాజ శాసనంగా వచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. మన సమాచారం వాడుకోవాలంటే మన సమ్మతి కావాలన్నది దాని మూలసూత్రం. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. ఇంకొకరి ఖాతాలోకి, ఫోన్‌లోకి అనుమతి లేకుండా చొరబడటం ఒమన్ సైబర్ నేరాల చట్టం, 12/2011 శాసనం ప్రకారం నేరం. ఈ చట్టం మనకూ వర్తిస్తుంది. రూమ్‌మేట్ ఫోన్ తెరిచి చూడటం, ఇతరుల ఫోటోలు తీసి పెట్టడం సరదా కాదు, కేసు అవుతుంది.

చట్టాలన్నీ సమ్మతి చుట్టూ తిరుగుతాయి. మరి మన సమ్మతి ఎక్కడ తీసుకుంటున్నారు? బ్రౌజర్‌లో, ఆ చిన్న "అలౌ" బటన్ దగ్గర. ఫార్మాట్ అయిన రోజు తొందరలో నొక్కిన ఒక్కో అలౌ మన వేలిముద్ర లాంటిది. ఊళ్లో తెల్లకాగితం మీద వేలిముద్ర వేయమంటే మన తాతలు వేసి నష్టపోయారు. మనం గల్ఫ్‌కు వచ్చే ముందు చదవకుండా కాగితాల మీద సంతకాలు పెట్టి ఇబ్బంది పడ్డవాళ్లం ఈ సభలోనే ఎంతోమంది ఉన్నాం. ఫోన్‌లో కూడా అదే జాగ్రత్త కావాలి.

డబ్బు పోయిందని తెలిస్తే సిగ్గుపడి దాచుకోకండి. ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు, ఖాతా ఆపించండి. ఇక్కడైతే రాయల్ ఒమన్ పోలీస్‌కు చెప్పండి, అత్యవసర నంబర్ 9999. ఇండియా బ్యాంకు ఖాతా అయితే ఊళ్లో ఇంట్లోవాళ్ల చేత 1930 నంబర్‌కు ఫోన్ చేయించండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. స్క్రీన్‌షాట్లు ఉంచండి. కంగారులో మళ్లీ ఫార్మాట్ కొట్టకండి. మోసం జాడలు అందులోనే ఉంటాయి.

మా మనవి

రూమ్‌కు ఒకరు ఈ పని నేర్చుకోండి. పదిమంది ఉండే రూమ్‌లో ఒకరికి వస్తే పదిమందికీ వచ్చినట్టే. అయితే సాయం చేసేవాళ్లకు ఒక నియమం పెట్టుకుందాం. ఫోన్ యజమాని చేతిలోనే ఉండాలి. మనం వేలితో చూపించాలి, నొక్కేది వాళ్లే. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. చదువు రాని అన్నకు, అక్కకు కూడా గుట్టు ఉంటుంది. సాయం పేరుతో దాన్ని మనం తీసుకోకూడదు.

ఈ పుస్తకంలో ఈ పేజీలను చింపి రూమ్ గోడకు అంటించుకోండి. ఫార్మాట్‌కు ముందు మూడు: సాక్ష్యాలు దాచుకోవడం, ఖాతా మనదేనా చూసుకోవడం, పాస్‌వర్డులు ఎక్కడున్నాయో చూసుకోవడం. తర్వాత ఏడు: మన ఖాతా, థర్డ్ పార్టీ కుకీలు, సేఫ్ బ్రౌజింగ్, సెక్యూర్ కనెక్షన్, లొకేషన్-కెమెరా-మైక్, నోటిఫికేషన్లు, సెర్చ్ ఇంజిన్. మూడూ ఏడూ పది. ఈ పదీ అయ్యాకే డబ్బు పంపే యాప్ తెరవండి.

ఇవాళ సభ అయ్యాక కుడివైపు బల్ల దగ్గర మా వాళ్లు కూర్చుంటారు. ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని రండి, పక్కన నిలబడి చూపిస్తాం.